గుమ్మం దగ్గర అడగని మాట

కనకలక్ష్మి కంగారు మల్కాజ్‌గిరిలో ఆ వీధివీధంతా ఎరిగినదే. పాలబ్బాయి కాస్త ఆలస్యమైతే ఏ లారీ కిందో పడ్డాడనుకునే మనిషి. గ్యాస్ కట్టేశానా లేదా అని బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి చూసుకునే మనిషి. అలాంటావిడ పదిహేడేళ్ళ కూతుర్ని ఏడాది చదువుకి నార్వే పంపించి, అక్కడి పిల్లని తెచ్చి ఇంట్లో పెట్టుకుందంటే ఎవరూ నమ్మలేదు. ఆ మాటకొస్తే ఆవిడకే నమ్మకం కుదరలేదు.

తను లెక్కలు చెప్పే జూనియర్ కాలేజీలోనే ఆ మార్పిడి చదువుల పథకం వచ్చింది. వీధిలో కుర్రకారంతా జావా అనీ ఒరాకిల్ అనీ అమీర్‌పేట బస్సులకి వేలాడుతున్న రోజులవి. కూతురు సాయిదుర్గ మాత్రం నార్వే అని పట్టుబట్టింది. వాళ్ళింట్లో మన పిల్ల, మనింట్లో వాళ్ళ పిల్ల. అలా వచ్చింది ఇంగ్రిడ్.

వచ్చిన కొత్తలో, బస్సు స్టాపులోనే ఆగుతుందని నమ్మి స్తంభంలా నిలబడిపోయేదా పిల్ల. బస్సులు అల్లంత దూరాన ఆగి, తను చేరేలోపే కదిలిపోతుంటే పరుగెత్తడం నేర్చుకుంది. ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న మగాళ్ళని లేపడం నేర్చుకుంది. ఆటో అతనితో "మీటర్ డాలో భాయ్" అనడం కూడా వచ్చేసింది. పొద్దున చెప్పులేసుకుని "ఆంటీ, వెళ్ళొస్తా!" అంటే కనకలక్ష్మి "జాగ్రత్తమ్మా" అనేది. అంతే. ఎక్కడికని అడిగేది కాదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. పొరపాటున అడిగితే, ఆ మనిషి లోపలికొచ్చి కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. చాలా ఇళ్ళల్లో ఉన్న పట్టింపే. కనకలక్ష్మి మాత్రం దానివల్ల దెబ్బ తిన్నాననుకుంటుంది. కాపరానికొచ్చిన కొత్తలో ఓ పొద్దున, గుమ్మం దిగుతున్న భర్త లోవరాజుని "ఎక్కడికండీ?" అనేసింది. ఆయన నవ్వేసి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. క్లాక్ టవర్ దగ్గర బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ కుంటుకుంటూనే రైల్వే ఆఫీసుకి వెళ్తాడు. "నువ్వు అడిగినందుకు కాదే, కమ్మీ పట్టుకుని వేలాడినందుకు పడ్డాను" అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆవిడ వింటేగా!

ఆ శనివారం కాలేజీ ఒంటిపూట. ఇంగ్రిడ్ భోంచేసి, సంచి తగిలించుకుని వెళ్ళొస్తానంది. ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది కనకలక్ష్మికి. మింగేసింది.

దీపాలు పెట్టే వేళ దాటింది. రోజూ చీకటి పడకముందే ఇల్లు చేరే పిల్ల.

"ఇంకా రానేదేటే ఆ గుంట?" అంది అత్తగారు ముసలమ్మ, వరండాలోంచి.

అప్పుడే ఇంటికొచ్చిన లోవరాజు, "ఎక్కడికెళ్ళింది?" అన్నాడు.

"ఏమో."

"ఏమో ఏమిటి, అడగలేదూ?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన తన కాలు వైపు చూసుకున్నాడు.

కనకలక్ష్మి ఫోన్ అందుకుంది. ప్రిన్సిపాల్ గారికి చేసింది. తోటి లెక్చరర్లకి చేసింది. క్లాసులో ఫోనున్న ప్రతి పిల్ల ఇంటికీ చేసింది. బోయిగూడలో ఉన్న చుట్టాలకి చేసింది, ఆ పిల్ల అక్కడికి ఒక్కసారీ వెళ్ళకపోయినా. ఆఖరికి ఆసుపత్రులకీ చేసింది.

"ఆ పోనుకి కూసింత ఊపిరాడనియ్యే తల్లీ!" అంది ముసలమ్మ.

"స్టేషన్ వైపు వెళ్ళి చూసొస్తాను," అన్నాడు లోవరాజు.

"ఎక్కడని వెతుకుతారండీ ఇంత ఊళ్ళో?" రిసీవర్ పట్టుకునే ఏడ్చేసింది కనకలక్ష్మి. "రేపు ఆదివారం, వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. నా పిల్లకి అన్నం పెడుతున్న మనిషితో ఏమని చెప్పను? మీ పిల్ల కనపడటం లేదు, ఎక్కడికెళ్ళిందో కూడా నేను అడగలేదని చెప్పనా?"

ఆ మాట అంటుండగానే గేటు ముందు ఆటో ఆగింది. ముందు ఆటో అతనే దిగాడు.

"ఏందమ్మా, ఫోన్ గట్ల ఎంగేజ్ పెట్టుకుంటరా? అల్వాల్‌ల ఎస్టీడీ బూత్ కాడ ఈ పాప ఎంత పరేషాన్ అయిందో ఎరుకనా? చూడలేక నేనే తోల్కొచ్చిన."

అతని వెనకాల ఇంగ్రిడ్. జుట్టంతా దుమ్ము, జడలో ఎవరో పెట్టిన కనకాంబరాలు. కనకలక్ష్మి పరుగున వెళ్ళి దాని భుజాలు పట్టుకుని కుదిపేసింది. కుదిపి, వాటేసుకుంది. మళ్ళీ కుదిపింది.

జరిగింది ఇంతే. మోండా మార్కెట్లో గాజులు కొందామని బయల్దేరిన పిల్ల, బస్సు తప్పెక్కి అల్వాల్‌లో తేలింది. ఒక పెద్దావిడని దారి అడిగింది. ఆవిడ దారి చెప్పే ముందు ఇంటికి తీసుకెళ్ళి చాయ్ ఇచ్చింది. చాయ్ తరవాత సకినాలు పెట్టింది. వాడకట్టంతా చూడ్డానికొచ్చారు. లేస్తానన్నప్పుడల్లా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"మరి ఫోన్ చెయ్యాలని తోచలేదుటే?"

"చేశాను ఆంటీ. చాలాసార్లు. ఎంగేజ్, ఎంగేజ్!"

ఇంటిల్లిపాదీ ఫోన్ వైపు చూశారు. "నాను సెప్తనే ఉన్నాను గదా," అంది ముసలమ్మ.

అన్నం తింటూ తింటూ ఇంగ్రిడ్ ఆగింది. వచ్చిన తెలుగూ రాని తెలుగూ ఇంగ్లీషూ కలిపి, నెమ్మదిగా అంది. "ఆంటీ, మీరు నన్ను ఎప్పుడూ ఎక్కడికని అడగరు. నేనేమైపోయినా మీకు పట్టదేమో అనుకున్నాను."

వడ్డిస్తున్న కనకలక్ష్మి గరిటె గిన్నెలో పెట్టేసి కూర్చుండిపోయింది. లోవరాజే అందుకుని, పట్టింపు సంగతీ తన కాలి సంగతీ చెప్పుకొచ్చాడు. వింటూ వింటూ ఇంగ్రిడ్ కళ్ళు పెద్దవి చేసింది.

"అయితే సాయి అందుకేనా? సాయి బూట్లు వేసుకుంటుంటే మా అమ్మ రోజూ అడుగుతుంది, ఎక్కడికని. సాయి బూట్లు విప్పేసి, లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతుందట. అప్పుడు చెప్పి వెళ్తుందట. మీ దగ్గర అందరికీ ఇంత దాహమా అని అమ్మ నాకు రాసింది. ఇప్పుడు తలుపు పక్కనే గ్లాసు పెడుతోంది."

కనకలక్ష్మి నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. అంత దూరాన, ఆ మంచులో, తన పిల్లని రోజూ ఎక్కడికని అడిగే మనిషి ఒకావిడ ఉంది. ఇక్కడ ఆవిడ పిల్లని అడిగే దిక్కు లేకపోయింది.

సోమవారం పొద్దున ఇంగ్రిడ్ చెప్పులేసుకుంటోంది. కనకలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. లోవరాజు పేపరు దించాడు.

"ఎక్కడికే అమ్మాయ్?"

"నారాయణ!" అంది ముసలమ్మ.

ఇంగ్రిడ్ చెప్పులు విడిచింది. లోపలికొచ్చి, కుర్చీలో బుద్ధిగా కూర్చుని చెయ్యి చాపింది. కనకలక్ష్మి కొంగు చాటున నీళ్ళ చెంబు ముందే సిద్ధంగా ఉంది.

"కాలేజీకి, ఆంటీ. సాయంత్రం మోండా మార్కెట్."

"ఏ బస్సు? తోడెవరు? తిరిగి ఎప్పుడొస్తావు? బస్సు తప్పితే ఎక్కడ నిలబడతావు?"

ఇన్నేళ్ళూ మింగిన ప్రశ్నలన్నీ ఒక్కటొక్కటే బయటికొస్తున్నాయి. ఇంగ్రిడ్ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఈలోగా వీధి చివర ఆ పిల్ల ఎక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది.