ముద్రలో లేని ఆదివారం

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు కుడిచేతికి కట్టుతో మంచం మీద కూర్చుని, ఎడమచేతి వేలితో ఫోను తెర మీద సంతకం చెయ్యడం నేర్చుకుంటూ ఉంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. గీస్తుంది, చెరిపేస్తుంది, మళ్ళీ గీస్తుంది. నా కూతురి కూతురు. హిందూపురంలో మా ఇంటి నుంచి రోజూ స్కూటరు మీద పోయి, గోడౌనులో పార్సిళ్ళు ఎత్తుకుని, పెనుకొండ దారి పొడవునా ఇంటింటికీ పంచి వస్తుంది. ఆ పని ఇప్పుడు ఒక కంట్రాక్టరు చేతిలో ఉంది. మొదట్లో ఆదివారం సెలవు. తరువాత పండగల వరకు మాత్రమే అని ఆదివారాలు కూడా రమ్మన్నారు. పండగలు అయిపోయాయి, ఆదివారాలు మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. అటువంటి ఒక ఆదివారం, పెనుకొండ కొండ మలుపులో రోడ్డు మీది ఇసుకకు స్కూటరు జారి, ఈ పిల్ల మణికట్టు ఎముక విరగ్గొట్టుకుంది.

కట్టు ఇంకా విప్పలేదు, ఫోనుకు కొత్త ఒప్పందం వచ్చింది. సోమవారం పొద్దుటికల్లా సంతకం పెట్టాలి, లేకపోతే ఆమె దారి వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. అందులో ఆదివారం అన్న మాటే లేదు. వారంలో ఏ రోజైనా అని మాత్రం ఉంది. ఉద్యోగి అన్న మాట కూడా లేదు. డెలివరీ భాగస్వామి అని ఉంది. భాగస్వామికి దెబ్బ తగిలితే ఆ బాధ్యత భాగస్వామిదే అని ఉంది.

"బాగ వస్తాండాదా అవ్వా?" అని ఫోను నా వైపు తిప్పింది. బాగుంది తల్లీ అన్నాను గాని, నేను చూసింది సంతకం కాదు. తెర పైభాగాన వారం, తేదీ, గంట, నిమిషం అన్నీ వాటంతట అవే పడి ఉన్నాయి. ఆదివారం అని స్పష్టంగా ఉంది. ఆ ఒక్క రోజు తేదీ పడడానికి ఒకప్పుడు మా ఇంట్లో ఎంత రభస జరిగిందో ఈ పిల్లకు తెలియదు. నా తోటివాళ్ళకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మా ఊరు చెన్నేకొత్తపల్లి దాటినాక పెద్దరోడ్డు వదిలి లోపలికి పోవాలి. నాలుగు మైళ్ళు అనేవారు గాని, వంక చుట్టు కూడా కలుపుకుంటే నాలుగున్నర. మా నాయన ఆ దారిలో టపా సంచి మోసే రన్నరు. బస్సు రోడ్డు మీద సంచి దించి పోతే, దాన్ని భుజాన వేసుకుని నడిచి వచ్చి, ఊళ్ళోది ఊళ్ళో ఇచ్చి, ఇక్కడి సంచి మళ్ళీ రోడ్డుకు చేర్చేవాడు. నేను పదో తరగతి గట్టెక్కి, మేనమామనే చేసుకుని ఊళ్ళోనే ఉండిపోయినందున, ఆఫీసు ఖాళీ పడ్డప్పుడు బ్రాంచి పోస్టుమాస్టరు పని నాకు వచ్చింది. ఆఫీసంటే మా వసారాలో ఒక బల్ల, ఒక పెట్టె, ఒక త్రాసు. నాయన తెచ్చిన సంచికి నేను లక్క పగలగొట్టేదాన్ని, నేను కట్టిన సంచి నాయన మోసేవాడు. మేమిద్దరం ఈడీ ఏజెంట్లం, తపాలా శాఖ మాటల్లో ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్. అంటే ప్రభుత్వం పని చేస్తాము గాని ప్రభుత్వ ఉద్యోగులం కాము. ఆ తేడా ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు. సెలవు కావాలంటే మా బదులు మనిషిని మేమే చూసి పెట్టుకోవాలి, అంతవరకే తెలుసు.

మన కాలంలో జాబు మీద పడే ఆ గుండ్రటి ముద్ర గుర్తుంది గదా. చుట్టూ ఊరి పేరు, మధ్యలో తేదీ. ఆ తేదీ అంకెలు విడి అచ్చులు, జొన్నగింజ కంటే కాస్త పెద్దవి. రోజూ పొద్దున చిన్న పటకారుతో నిన్నటివి తీసి ఈనాటివి పెట్టాలి. శనివారం సాయంత్రం పని ముగిశాక, ఆ అంకెలన్నీ పీకి, కిరసనాయిలులో కడిగి, పాత గుడ్డ మీద ఆరబెట్టడం మా ఆఫీసు ఆచారం. సోమవారం పొద్దుటి దాకా అవి ఆ గుడ్డ మీదే ఉండేవి. కనుక మా ముద్రలో ఆదివారం తేదీ అప్పటిదాకా ఏనాడూ పడలేదు. ఒకసారి ఊరికే ఖాళీ ముద్రను కాగితం మీద అద్ది చూశాను. చుట్టూ ఊరి పేరు వచ్చింది, మధ్యలో తెల్లగా ఏమీ లేదు. నాయనకు చూపిస్తే చాలాసేపు చూసి, "ఇది నా రోజు పాపా" అని నవ్వాడు.

నిజంగానే అది ఆయన రోజు. ఆదివారం ఆయన వసారా మెట్టు మీద కూర్చుని చెప్పులకు ఆముదం పూసుకునేవాడు. తోలు మెత్తబడే దాకా వేళ్ళతో నెమ్మదిగా రుద్దుతూ, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ పలకరించేవాడు. వారమంతా ఊరివాళ్ళు ఆయన వీపునూ సంచినీ మాత్రమే చూసేవాళ్ళు, ముఖం చూసేది ఆ ఒక్కనాడే. జాబు రాలేదని అలిగిన ముసలివాళ్ళు కూడా ఆ రోజు ఆయనతో జాబు సంగతి ఎత్తేవాళ్ళు కాదు.

ఒక ఎండాకాలం బస్సు సరిగా నడవక సంచులు రోడ్డు దగ్గర మూలుగుతూ ఉంటే, పై ఆఫీసు నుంచి ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు. రన్నర్ల మీద అజమాయిషీ ఆయనది. ఈ ఒక్క ఆదివారం సంచి తెచ్చెయ్యమని నాయనతో చెప్పి, నా వైపు తిరిగి, వచ్చిన జాబులకు మాత్రం సోమవారం తేదీ వెయ్యమన్నాడు. ఆదివారం పని చేయించినట్టు కాగితం మీద కనబడకూడదట. అది పైవాళ్ళ ఉత్తర్వు కాదు, ఆయన నోటిమాట. నాయన చేతులు కట్టుకుని, "ఒక్క వారమే గదా సామీ" అన్నాడు. "ఒక్క వారమేనప్పా, నీ ఆదివారాన్ని నేను ఎత్తుకొని పోతానా?" అని ఓవర్సీరు నవ్వాడు.

ఆ ఎండాకాలమంతా, వాన పడ్డాక కూడా, ఎత్తుకుని పోతూనే ఉన్నాడు. చెప్పులకు ఆముదం లేక తోలు గట్టిపడి పగిలింది. వారంలో ఏ రోజో కాస్త పూసుకో నాయనా అంటే, పూసినాక ఒక రోజైనా అది నానాలి, తడి చెప్పుతో నడిస్తే కాలు జారుతుంది అనేవాడు. చివరికి ఆముదం లేకుండానే జారింది. వంకలో నీళ్ళు తగ్గి, రాళ్ళ మీద పాచి పట్టి ఉన్నప్పుడు, ఒక ఆదివారం సంచితో దిగుతూ పగిలిన చెప్పు మడతపడి నాయన బండ మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. గొర్రెలు తోలుకొస్తున్న ఇద్దరు చూసి, కంబళి మీద పడుకోబెట్టి నాలుగు కొసలూ పట్టుకుని, ఊళ్ళో మరో ఇద్దర్ని కేకేసి, ఇంటికి మోసుకొచ్చారు. సంచి ఆయన తల కింద ఉంది. గొర్రెలకాపరి దాన్ని వేరేగా మోస్తానంటే ఇవ్వలేదట. "నీకు లెక్క రాదురా, నాకాడ్నే ఉండనీ" అన్నాడట.

ఎద్దులబండి కట్టేలోగా నేను సంచి విప్పాను. నాయన నొప్పికి పళ్ళు బిగించి కూడా నన్ను అడిగింది ఒకటే. "పాపా, ఏ తేదీ ఏస్తాండావు?"

గుడ్డ మీద ఆరుతున్న అంకెల్లో ఆ ఆదివారానివి ఏరి, ముద్రలో పెట్టి, ఆనాడు వచ్చిన ప్రతి జాబు మీదా గట్టిగా కొట్టాను. మా ఊరికి ఆదివారం ముద్ర పడిన జాబులు ఆ కొన్నే.

నాయనను ధర్మవరం ఆసుపత్రికి చేర్చి మేము తిరిగొచ్చేసరికి ఓవర్సీరు వసారాలో కూర్చుని ఉన్నాడు. పొరపాటున తప్పు అంకె పెట్టానని ఒక కాగితం రాసిమ్మన్నాడు. రాసిస్తే నా పని నిలబడుతుందట. రాయకపోతే నన్ను తీసేయడానికి ఒక్క పూట చాలట. నేను చేసే పని పోతే ఇంటికి గడవడం కష్టమని ఆయనకూ తెలుసు. పొరపాటు ఎక్కడుందో చూపించండి, దిద్దుకుంటాను అన్నాను. ఆనాడు వారమేదో ఊళ్ళో ఎవరినైనా అడగమన్నాను. ఆయన కోపంతో, "అంకెలు మార్చేదానివి అంకెలు మార్చుకో, లోకాన్ని మారుస్తావా?" అని సైకిలెక్కాడు.

ఆ తేదీ సంగతి పైదాకా పోయి, విచారణకు మరొక పెద్ద అధికారి వచ్చాడు. మంచి మనిషి, నేను అబద్ధమాడను. నీళ్ళడిగి తాగి, జాబులు తెప్పించుకుని ముద్రలు చూసి, గొర్రెలకాపరులను అడిగి, నేను చెప్పింది నిజమేనని రాసుకున్నాడు. ఆదివారం పని చేయించిన మాట వాస్తవమని ఒప్పుకున్నారు. ఓవర్సీరును వేరే చోటికి మార్చారు. అప్పటి నుంచి మా ఊరికి ఆదివారం సంచి రాలేదు. నా పని కూడా పోలేదు.

నాయనకు మాత్రం ఏమీ రాలేదు. ఆదివారం పనిలోనే పడ్డాడు, అందులో అనుమానం లేదు, కాని ఆయన ఉద్యోగి కాడు అన్నారు. ఉద్యోగికి దెబ్బ తగిలితే ఉన్న నిబంధనలు ఈడీలకు వర్తించవట. ఆ అధికారే నెమ్మదిగా, నా ముఖం చూడకుండా ఈ మాట చెప్పాడు. నేను తేదీ కోసం పోట్లాడాను, తేదీ గెలిచాను. మనిషి సంగతి ఆ ముద్రలో పెట్టడానికి నా దగ్గర అచ్చులు లేవు.

నాయన మళ్ళీ నడవలేదు. ఆయన బదులు మనిషిని మేమే చూపాలి గనుక, నా భర్త సేద్యం సగం వదిలి సంచి ఎత్తుకున్నాడు. నాయన బతికిన ఆ కొన్నేళ్ళూ ఆదివారం పొద్దున మంచం వసారాలోకి లాగించుకుని, అల్లుడి చెప్పులకు తానే ఆముదం పూసేవాడు. "నా తుంటి ఇచ్చి మీకు ఆదివారం కొనిచ్చినాను, జాగర్తగా వాడుకోండి" అని వేళాకోళం చేసేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలో నవ్వవలసింది ఏమీ కనబడదు.

మొన్నటి ఆదివారం సాయంత్రం మనవరాలితో పనిచేసేవాళ్ళు నలుగురు చూడడానికి వచ్చారు. ఇద్దరు ఆనాటి పార్సిళ్ళు ఇంకా పంచాల్సినవి స్కూటర్ల మీదే పెట్టుకుని వచ్చారు. అందరి ఫోన్లకూ అదే కాగితం వచ్చిందట. ముదిగుబ్బ నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని ఉంటున్న అతను, "భాగస్వామి అంటాండారు గదబ్బా, మరి లాభంలో వాటా యాడుండాది?" అన్నాడు. ఇంకొకామె, "నీ వాటా ఆ పిల్ల చేతికి కట్టినారు చూడు, తెల్లగా" అంది. నవ్వులు ఆగాక అందరం కలిసి సంతకం పెట్టకుంటే ఏమవుతుందని ఒకరు అడిగారు. ఒకరి అప్పులు, ఒకరి తల్లి మందులు, ఒకరి పిల్లల ఫీజులు నాకు తెలుసు. చివరికి ముదిగుబ్బ అబ్బాయి తల వంచుకుని, తాను మధ్యాహ్నమే పెట్టేశానని చెప్పాడు. మిగతావాళ్ళు కూడా అంతేనని ముఖాలు చూస్తే తెలిసిపోయింది.

ఆసుపత్రి ఖర్చు గురించి వీళ్ళంతా ముందే కంట్రాక్టరును అడిగి వచ్చారట. ఆయన కోప్పడలేదు. ఫోను చూపించి, ఈ పిల్ల ఆదివారం ఏ గంటకు, ఏ మలుపులో పడిందో అంతా తన దగ్గరే ఉందన్నాడట. "నేను కాదన్నానా? పనిలోనే పడింది. కానీ ఆమె నా ఉద్యోగి కాదు గదా" అన్నాడట. ఆ మాట వినగానే నేను లేచి లోపలికి పోయాను. అదే మాట, అంతే నెమ్మదిగా.

వాళ్ళు పోయాక మనవరాలు నన్ను పిలిచింది. "అవ్వా, నువ్వయితే పెట్టకుండా ఉందువా?" అని అడిగింది. ఆనాడు నేను రాసివ్వకుండా ఉండగలిగానంటే, ఎదుట ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పొరపాటెక్కడో చూపించమని అడగడానికి ఒక ముఖం ఉంది, ఆయన పైన విచారణకు వచ్చి నీళ్ళడిగి తాగే మరొక మనిషి ఉన్నాడు. ఈ పిల్ల ఎదుట తెర మాత్రమే ఉంది. అందులో పొరపాటు ఒక్కటీ లేదు, నేను రెండుసార్లు చదివాను. పెట్టవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, పెట్టమని చెప్పడానికీ రాలేదు. ఎడమచేతి వేలితో ఒకసారి గీసింది. ఈసారి చెరపలేదు.

ఈ రోజు మళ్ళీ ఆదివారం. కట్టు విప్పి ఇంకా వారం కూడా కాకముందే, మణికట్టుకు గుడ్డ చుట్టుకుని, పొద్దున్నే గోడౌనుకు పోయింది. వద్దన్నా వినలేదు. ఎప్పుడొస్తుందో ఫోనుకు తెలుసు, నాకు తెలియదు. ముద్రలు ఇప్పుడు ఎంతో నిక్కచ్చిగా పడుతున్నాయి, ఆ మాట ఒప్పుకుంటాను, నాలాంటిది కూడా తప్పు పట్టలేదు. కానీ ఆ పాత ముద్రను ఖాళీగా కాగితం మీద అద్దితే చుట్టూ మా ఊరి పేరు, మధ్యలో కాస్త తెల్లటి జాగా వచ్చేది. ఆ జాగాలో మా నాయన కూర్చుని చెప్పులకు ఆముదం పూసుకునేవాడు.