సత్తెమ్మ దీవెన

పటాన్‌చెరు పక్క పల్లెలో సత్తెమ్మ నోరంటే మొదట్లో ఎవరికీ భయం లేదు. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు ఎల్లయ్యతో జొన్నచేను చేసుకు బతికిన మనిషి. సర్కారు ఫ్యాక్టరీ కోసం భూములు తీసుకున్న ఏడు ఆమె బతుకు తలకిందులైంది. భూమి పోయిన పట్టాకొక నౌకరీ అన్నారు. ఆమె మొగుడిదీ, మొగుడి తమ్ముడిదీ ఒకే పట్టా. విచారణకు వచ్చిన ఆఫీసరు ముందు మరిది బాలప్ప పోచమ్మ మీద ప్రమాణం చేసి, "మా అన్న తన పాలు నాకే ఇడిసిపెట్టి పోయిండు. వదినెకు గుంట భూమి లేదు" అన్నాడు. నౌకరీ బాలప్ప కొడుకు లింగానికి వచ్చింది. ఎల్లయ్య రాళ్లు కొట్టడానికి క్వారీకి పోయాడు.

లింగం నౌకరీలో చేరిన మర్నాటి నుంచి, ఫ్యాక్టరీ సైరను మోగే వేళకు సత్తెమ్మ జుట్టు విరబోసుకుని బాలప్ప వాకిట్లో నిలబడేది. పిడికెడు మన్ను తీసి గడప మీద పోసేది.

"బాలప్పా, నా కొడుకు నోటికాడి బుక్క గుంజుకున్నవ్. నీ నోట్ల మన్నువడ. నీ మాట నీ పెండ్లాం గూడ నమ్మకుంట పోను. నీ వాకిట్ల జిల్లేళ్లు మొలవ."

లింగాన్ని గానీ ఇంట్లో ఆడవాళ్లను గానీ ఒక్క మాట అనేది కాదు. తిట్టి, చెయ్యి దులుపుకుని, కూలికి పోయేది.

బాలప్ప మొదట నవ్వాడు. ఆ వానాకాలం ఇంటి గోడ కూలింది. తర్వాత కాడెద్దుల్లో ఒకటి నురగ కక్కి చచ్చింది. ఎడ్లకు ఏటా వచ్చే రోగమే అది. అయినా ఊరంతా సత్తెమ్మ ఉసురన్నది. బాలప్ప గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు, మంత్రగాణ్ణి పిలిపించాడు. అవి చూసి సత్తెమ్మ గొంతు ఇంకా పెంచింది.

లింగం పెండ్లాం అరుణమ్మకు నెలలు నిండుతున్నాయి. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా సత్తెమ్మ గుడిసెకు వచ్చింది. ముండమోసిన మనిషి దీవెన ఎవరూ కోరని ఊరది. కానీ తిట్టు తగిలే నోటికి దీవెన కూడా తగులుతుందని అరుణమ్మ నమ్మకం.

"పెద్దత్తా, నీ ఉసురు నా కడుపు మీదికి రానియ్యకు."

సత్తెమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. "సల్లగ కను బిడ్డా. నీకూ నాకూ ఏం పంచాది లేదు."

సంగతి తెలిసి బాలప్ప ఆశపడ్డాడు. మర్నాడు తానే వచ్చి కాళ్ల మీద పడ్డాడు.

"వదినె, నన్ను గూడ దీవించు."

"నలుగుట్ల నిలవడి అబద్ధమాడిన అని చెప్పు."

"చెప్తే లింగని నౌకరి పోతది."

"అయితే దీవిస్త, ఇను. నూరేండ్లు బతుకు బాలప్పా. కండ్లు పోవద్దు, చెవులు పోవద్దు, మతి తప్పొద్దు. చేసింది ఒక్క పూట గూడ మర్వద్దు."

బాలప్ప పట్టుకున్న కాళ్లు వదిలేశాడు. ఆనాటి నుంచి సత్తెమ్మ వాకిట్లోకి రావడం మానేసింది. సైరను మోగుతుంటే బాలప్ప గడప దగ్గర కూర్చుని బాట వైపు చూసేవాడు. ఆమె కనబడేది కాదు. తిడితే సహించినన్నాళ్లు సహించాడు గానీ, ఈ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. అన్నం సయించక చిక్కిపోయాడు.

చివరికి ఒకనాడు ఫ్యాక్టరీ గేటు ముందరి చాయ్ హోటల్లో, షిఫ్టు దిగిన లింగం కూడా ఉండగా, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాడు.

"పోచమ్మ మీద వొట్టేసి అబద్ధమాడిన. ఆ భూమిల సగం మా అన్నది."

నౌకరీ పోలేదు. పోయిన భూమి తిరిగి రాలేదు. కానీ లింగం చాయ్ గ్లాసు అట్లాగే వదిలేసి పోయాడు. తండ్రితో మాట్లాడటం మానేశాడు.

అరుణమ్మ చంకలో బిడ్డతో వచ్చి ఈ సంగతి చెప్పింది. సత్తెమ్మ చాట పక్కన పెట్టింది.

"లింగడు ఇన్నడా?"

"ఇన్నడు పెద్దత్తా. ఇగనన్న ఆయన్ని మాఫ్ చెయ్యి."

సత్తెమ్మ చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. అరుణమ్మ పోయాక గంప కింది కోడిని కోసి, కూరకు వచ్చి పొమ్మని క్వారీలో ఉన్న ఎల్లయ్యకు కబురు పంపింది.