తెలుగు మాస్టారి గొంతు

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు కోసం కూర్చుని ఉంటే, బండి ఆలస్యమని చెబుతున్న మైకులోని ఆడగొంతు మాటకూ మాటకూ మధ్య అతుకులేసినట్టు వినిపించింది. ఆ అతుకులు చెవిన పడగానే, మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా నా ఒళ్ళు జలదరించింది.

తొంభైల మొదట్లో నేను బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. చిన్నప్పుడు అంగలకుదురు నుంచి సైకిలు తొక్కుకుంటూ తెనాలి వచ్చి పద్యనాటకాలు వినేవాణ్ణి. ఆ గొంతుల పిచ్చే పెద్దయ్యాక నా పరిశోధన అయి కూర్చుంది. రాసిన తెలుగును కంప్యూటర్ చేత పైకి చదివించాలి. అందుకు ముందు ఒక మనిషి అక్షరాలన్నీ విడివిడిగా పలికి ఇవ్వాలి; వాటినే అతికించి కంప్యూటర్ మాటలు చేస్తుంది.

రేపల్లె నుంచి వచ్చి మా కాలేజీలో తెలుగు చెప్పే మాస్టారు అందుకు ఒప్పుకున్నారు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివితే మైకు లేకుండానే వెనక బల్లలదాకా వినపడే గొంతు ఆయనది. నెలరోజులపాటు, క్లాసులయ్యాక, "ఏంటండీ, ఈ వయసులో నాకు మళ్ళీ పలకా బలపమా!" అని నవ్వుతూనే గుణింతాలన్నీ మైకులో చదివి పెట్టారు.

ఆ వేసవి సెలవుల్లోనే గుండెనొప్పితో పోయారు.

కాలేజీ తెరిచాక నేను ప్రోగ్రాం పూర్తి చేసి, ఏదో మాట కొట్టి చూశాను. బతికుండగా నా దగ్గర ఒక్కసారి కూడా అనని ఆ మాటను కంప్యూటర్ పెట్టెలోంచి మాస్టారు అన్నారు. సంతోషించాల్సింది పోయి, నేను లేచి ల్యాబ్ కిటికీలన్నీ తెరిచాను.

ఈ సంగతి ఎవరు చెప్పారో గాని, ఒకరోజు పొద్దున ఆయన భార్య బస్సు దిగి నేరుగా వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, "నా పేరు అనిపించు తమ్ముడూ" అంది. వద్దనలేకపోయాను. మూడు అక్షరాలు కొట్టాను. రెండు పొడిపొడిగా పలికాయి. మూడోది మాత్రం, నేనేమీ మార్చకపోయినా, వీధి గుమ్మంలోంచి పిలిచినట్టు కాస్త సాగింది.

"ఆఁ, వస్తున్నా" అంటూ ఆమె లేచి నిలబడింది.

లేచిన సంగతి తనకే అప్పుడు తెలిసినట్టుంది. ఆ పెట్టె వంక చూసి, మెల్లగా అంది: "ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నన్నెప్పుడూ పేరెట్టి పిలవలేదు తమ్ముడూ. ఇంకెప్పుడూ పిలిపించకు. పిలిస్తే వెళ్ళాలనిపిస్తోంది."

ఆమెను బస్సెక్కించి వచ్చి, ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా చెరిపేశాను. మా గైడు గారు నెలరోజులు నాతో మాట్లాడలేదు, నా డాక్టరేటు చాలా ఏళ్ళు వెనకబడింది. నన్ను తమ్ముడూ అన్న ఆ అక్కయ్య మాత్రం బతికున్నన్నాళ్ళూ క్రిస్మస్‌కి అరిసెలు పంపేది.

ఆ రోజుల్లో పోయినవాళ్ళు గోడ మీద ఫొటోలో నోరు మెదపకుండా ఉండేవాళ్ళు, మనమూ మెల్లమెల్లగా వాళ్ళ గొంతు మరిచిపోయి మన పనుల్లో పడేవాళ్ళం. ఇప్పుడు ఎవరి గొంతూ ఎక్కడికీ పోవడం లేదు. నా చిన్నప్పుడే పోయిన మా అమ్మ గొంతు నాకసలు గుర్తులేదు. అందుకు బాధపడాలో, కుదుటపడాలో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.