సీరియళ్లు మానేసినా కదలని ఫైలు

2021 జూన్‌లో నన్ను కరీంనగర్ శాఖకు నెట్‌వర్క్ విభాగం డిప్యూటీ మేనేజరుగా వేశారు. మాది ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థ. నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. అప్పటిదాకా హైదరాబాదులో గ్రాఫులు చూస్తూ కాలం గడిపిన నాకు, కస్టమర్లు ఎదురుగా వచ్చి తిట్టే భాగ్యం అక్కడే దక్కింది.

ఆ తిట్లకు మూలాలు రెండు. ఒకటి డేటా పరిమితి. నెలకు ఇంత అని ఇచ్చింది అయిపోగానే వేగం పడిపోతుంది. రెండోది కస్టమర్లకు తెలియదు. ఏ డేటా ముందు పోవాలో, ఏది వెనక ఆగాలో మేమే నిర్ణయించేవాళ్లం. మా భాషలో దాన్ని ట్రాఫిక్ షేపింగ్ అంటారు.

సిరిసిల్ల నుంచి రజిత అనే ఆమె ఫిర్యాదు మూడోసారి వచ్చింది. ఆమె చీరల అంచులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది. ఫైల్ పోవడం లేదని ఆమె గోల. మా టెక్నీషియన్లు రెండుసార్లు వెళ్లి, స్పీడ్ టెస్ట్ చేసి, వేగం సరిగానే ఉందని రాసి ఫిర్యాదు మూసేశారు. మూడోసారి వస్తే డిప్యూటీ మేనేజరే వెళ్లాలని మా నిబంధన. వెళ్లాను, కాస్త చిరాకుగానే.

ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. పాడైందా అని అడిగాను.

"టీవీకేమైంది సారూ, మంచిగనే ఉంది. నా కోడలే బంద్ పెట్టింది. ఇరవై రోజులాయె, ఒక్క సీరియల్ సూడలే" అంది రజిత అత్త లచ్చవ్వ.

వాళ్ల టీవీ నడిచేదీ మా ఇంటర్నెట్‌తోనే. డేటా అయిపోతే ఫైల్ ఆగిపోతుందని రజిత ఇంటిల్లిపాదికీ వీడియోలు మాన్పించిందట. భర్తకు క్రికెట్ కూడా లేదు. అయినా ఫైల్ కదలలేదు. ఆ గల్లీలో ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే.

"రేపు శుక్రారం. రేపటిలోపట సోలాపూర్ సేటుకు డిజైన్ అందకుంటే ఆర్డర్ వేరేటోళ్లకు పోతది సారూ. మా ఆరు సాంచాలు ఖాళీగున్నయి" అంది రజిత. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు.

నేనూ ముందు స్పీడ్ టెస్టే చేశాను. తెర మీద ముల్లు గిర్రున తిరిగి అర నిమిషంలో అయిపోయింది. ఫలితం బ్రహ్మాండం.

"గా ముల్లు ఎంత తిరిగితే నాకేంది సారూ? జర నా ఫైల్ పంపి సూపియ్యి" అందామె.

పంపాం. రెండు నిమిషాలు పరుగెత్తింది, ఆపైన నత్తనడక. మళ్లీ పంపాం. మళ్లీ సరిగ్గా రెండు నిమిషాలకే చతికిలపడింది.

విషయం నాకప్పుడు వెలిగింది. రెండు నిమిషాలకు మించి ఎవరైనా పెద్ద ఫైల్ పంపుతుంటే, దాన్ని వెనక్కి నెట్టి వీడియోలకు దారివ్వాలన్న నియమం హైదరాబాదులో ఉండగా రాసింది నేనే. అంతంత ఫైళ్లు పంపేది దొంగ సినిమాల వాళ్లేనని అప్పట్లో నా గట్టి నమ్మకం. అర నిమిషంలో ముగిసే స్పీడ్ టెస్టుకు ఆ నియమం ఎన్నటికీ అడ్డు రాదు. ఊళ్లో సీరియళ్లు ఆగకూడదని నేను రజిత ఫైల్‌ను ఆపుతుంటే, ఆ ఫైల్ పోవాలని లచ్చవ్వ సీరియళ్లు మానుకుంది!

సిగ్గేసింది. దాచకుండా చెప్పేశాను.

"అయితే గిన్ని రోజులు మేము ఉత్తగనే పరేషాన్ అయినమా?" అంది రజిత. లచ్చవ్వ మాత్రం లేచి టీవీ మీది దుప్పటి తీసేసింది.

నియమాన్ని సడలించే అధికారం జనరల్ మేనేజరుది. మార్పు కోరే ఫారం నింపి, నా తప్పేమిటో ఆయనకు ఫోన్‌లో నేనే చెప్పుకున్నాను. నాలుగు చీవాట్లు పెట్టి ఒప్పుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి రజిత కనెక్షన్‌కు మినహాయింపు వచ్చింది. ఫైల్ పోయింది. సాయంత్రం రజిత ఫోన్ చేసి, "సేటుకు నచ్చింది సారూ, ఆర్డర్ మాకే, నూలు పంపిస్తుండు" అంది. నా కూతురు పరీక్ష పాసైనంత సంతోషం వేసింది.

మరో రెండు నెలలకు ఆ నియమాన్నే ఎత్తేశారు. ఫిర్యాదు ఫారంలో మొదటి ప్రశ్నను కూడా మార్చాం. వేగం ఎంత వస్తోందని అడగడం మాని, ఏ పని ఆగిందని అడగసాగాం. ఆఫీసు లెక్కలన్నీ సరిగ్గా ఉన్న రోజున కూడా కస్టమర్ పని ఆగిపోయి ఉండవచ్చని, ఆపుతున్నది మనమే కావచ్చని నేను నేర్చుకున్నది సిరిసిల్లలోనే.