ఐదూ పది బండి పిల్లలు

ముంగిలిపట్టు మునిరత్నానికి, ఐదుగురు ఐదుగురుగా ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. తీరా తిరుపతి కాలేజీలో చేరాక, ఐదు నెలల్లో అతను చూసింది నెట్టు కట్టడమే గాని ఆట కాదు.

నాలుగున్నరకు చివరి గంట కొట్టేవారు. హాస్టలు పిల్లలు గదులకు పోయి ముఖాలు కడుక్కుని, టిఫిను తిని, ఐదింటికి తీరిగ్గా కోర్టు దగ్గరికి వచ్చేవారు. వాళ్ళు నెట్టు బిగించేసరికి మునిరత్నం పుస్తకాలు చంకలో పెట్టుకుని స్టేషనుకు పరుగు తీస్తూ ఉండేవాడు. వాళ్ళ ఊరి మీదుగా పోయే పాకాల బండి ఐదూ పదికి కదిలేది. అది తప్పితే మళ్ళీ తెల్లారి బండే. ఇంటి దగ్గర ఎద్దులకు నీళ్ళు పెట్టి మేత వేసే పని అతనిది. చదువుకు పంపేటప్పుడు వాళ్ళ నాయన మునిరామయ్య పెట్టిన షరతు అదొక్కటే. “పగలంతా నీది. దీపం పెట్టే యాళకు ఇంట్లో ఉండల్ల.”

జనవరిలో చిత్తూరులో పోటీలని తెలిసిన రోజు మునిరత్నం ధైర్యం చేసి కెప్టెన్ ధనంజయను అడిగాడు. ధనంజయ చెడ్డవాడు కాడు. హాస్టల్లో ఉండేవాడు కనుక, అందరికీ సాయంత్రాలు ఉంటాయనుకునేవాడు.

“కోర్టుకే రానోడివి, నీ ఆట నేనెట్ట సూసేదప్పా?”

“పొద్దున ఎనిమిదికే దిగుతాను గదా. అప్పుడు ఆడతాను.”

“అప్పటికి మేము పళ్ళే తోముకోము. సరే, నీ మాదిరి రైలోళ్ళు ఇంకా నలుగురుండారు గదా. ఐదుగురూ కలిసి పొద్దున ఆడుకోండి. నెల కడాన శనివారం ఒంటిపూట బడి. ఆ పొద్దు మాతో ఒక ఆట ఆడండి. బాగుంటే నిన్ను తీసుకుంటాను.”

ఆటసామాన్ల గది తాళం శాంతయ్య దగ్గర ఉండేది. ఆయన ఒక పాత బంతి, ఐదు బ్యాట్లు తీసిచ్చాడు. డిసెంబరు మంచు. గడ్డి మీద ఒకసారి పడిందంటే చాలు, ఉన్ని బంతి నీళ్ళు పీల్చి రాయి మాదిరి బరువెక్కేది. నెట్టు దాటించాలంటే భుజం ఊడేటట్టు కొట్టాలి. వాళ్ళు అట్లాగే కొట్టారు. నెల తిరిగేసరికి మునిరత్నం దెబ్బ కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పోతోంది. ఇక ఎవరూ తమను ఆపలేరనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఎండ కాస్తోంది. ధనంజయ కొత్త బంతి తెచ్చాడు. మునిరత్నం మొదటి దెబ్బకే అది గీత దాటి, కంప దాటి, రోడ్డు మీద పడింది. రెండోదీ అంతే. రైలు పిల్లల్లోనే ఒకడైన పాకాల సుభాన్ బాషా కొట్టింది ఇంకా దూరం పోయింది. తడిబంతికి అలవాటుపడిన చేతులు పొడిబంతి తేలికను తట్టుకోలేకపోయాయి.

“బంతి కూడా బండికి పోతా ఉండాదిరా, టికెట్టు తీసినారా?” అన్నాడు హాస్టలు పిల్లవాడొకడు. కోర్టు చుట్టూ నవ్వులు లేచాయి. ఇరవై తొమ్మిది పాయింట్ల ఆటలో రైలు పిల్లలకు వచ్చినవి ఆరు. ధనంజయ మాత్రం నవ్వలేదు. “ఐదో మనిషిని ఇంకా తేల్చలేదు. పదిహేను రోజులుండాది” అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

మునిరత్నం అందరూ పోయేదాకా తల ఎత్తలేదు. శాంతయ్య నెట్టు చుడుతూ అన్నాడు.

“మంచులో ఆడితే తడిబంతి ఆటే వస్తాది నాయనా. చేతికి బలం వచ్చింది, మంచిదే. ఇంక ఎండలో ఆడి ఆ చెయ్యి తగ్గించుకో.”

“ఎండలో యాడ ఆడేదన్నా? అప్పుడు క్లాసులు గదా.”

“పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఏం క్లాసుండాది? హాస్టలోళ్ళు తిని పండుకుంటారు. కోర్టు ఖాళీ.”

“అప్పుడు మేము సద్ది తినల్ల.”

“సద్ది రైల్లో తింటే అరగదా ఏం?”

సోమవారం నుంచి వాళ్ళు పొద్దున్నే రైల్లో డబ్బాలు విప్పారు. చంద్రగిరి దాటకముందే మధ్యాహ్నపు పెరుగన్నం అయిపోయేది. “మా అమ్మ చూస్తే పిల్లోడికి దయ్యం పట్టిందంటాది” అంటూనే సుభాన్ బాషా రెండో రొట్టె తుంచేవాడు. మూడింటికి కడుపులు మాట్లాడేవి. లెక్కల అయ్యవారు ఒకసారి పాఠం ఆపి, ఆ చప్పుడు ఎక్కడిదని కూడా అడిగాడు. అయినా ఎవరూ మానలేదు.

మునిరత్నం రోజూ మొదటి పావుగంట ఒక్క పనే చేసేవాడు. నెట్టుకు దగ్గరగా నిలబడి, బంతిని కొట్టకుండా, తాకించి వదలడం. నాలుగు రోజులు బంతి నెట్టులోనే పడింది. ఐదో రోజు దాటింది. దాటి అవతల జానెడు దూరంలో వాలింది. కావలసినప్పుడు వెనక గీత దాకా కొట్టే బలం చేతిలో ఉండనే ఉంది. దగ్గరకు వదులుతాడో, దూరానికి కొడతాడో తెలియక సుభాన్ బాషా ముందుకూ వెనక్కూ ఉరికి ఆయాసపడేవాడు.

ఆ రెండో వారంలో, బుధవారం నాడు, ధనంజయ భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూ హాస్టలు నుంచి వచ్చాడు. కొంతసేపు గీత దగ్గర నిలబడి చూశాడు. తర్వాత సుభాన్ బాషా చేతిలోని బ్యాటు తీసుకుని, “యాదీ, నాకెయ్యి” అన్నాడు.

ఇద్దరూ అరగంట ఆడారు. ధనంజయ చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరి బంతి కోసం నెట్టు దాకా ఉరికి, అందుకోలేక మోకాళ్ళ మీద పడ్డాడు. పడినవాడు అట్లాగే కూర్చుని నవ్వాడు.

“చిత్తూరుకు నువ్వు వస్తా ఉండావు. బాషాను కూడా తోడు తీసుకుపోతాం, ఎవురికన్నా కాలు బెణికితే ఉంటాడు.”

మునిరత్నం నెట్టు కిందుగా దూరి చెయ్యి అందించాడు. 

“అయితే నలుగురం సాయంత్రం, నువ్వొక్కడివి మధ్యాన్నం ఆడితే అది జట్టు కాదు” అన్నాడు ధనంజయ లేస్తూ. “రేపటి నుంచి మేమే పన్నెండున్నరకు వస్తాం.”

“మరి మీ నిద్ర?”

“ఉండాది గదా లెక్కల క్లాసు” అన్నాడు ధనంజయ.

మరుసటి రోజు అన్న మాట ప్రకారం నలుగురూ వచ్చారు. ఒకడు కళ్ళు నలుపుకుంటూ, ఇంకొకడు వక్క నములుతూ. మునిరత్నం వాళ్ళకు ఎదురుపోయి, ఏ స్థానంలో నిలబడమంటారని అడిగాడు.