రెండో గొంతు

మా పై పోర్షన్‌లో ఇరవై రెండేళ్లు ఉన్న నర్సమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. ఎనిమిదైనా పాలప్యాకెట్ గేటుకు వేలాడుతూనే ఉంటే అనుమానం వచ్చి పైకి వెళ్లాను. తలుపు గడియ పెట్టి లేదు. చెంప కింద చెయ్యి పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తాకగానే తెలిసిపోయింది. ఎల్బీనగర్‌లో ఉండే ఆమె కూతురికి ఫోన్ చేసి ఏం చెప్పానో, ఎట్లా చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. ఆ పిల్ల మాత్రం ఒక్కటే మాట అడిగింది.

“నొప్పి పడ్డట్టు ఉన్నదా అక్కా?”

లేదన్నాను. నిజమే చెప్పాను. నర్సమ్మ ఇంట్లో నిలబడి అబద్ధమాడే ధైర్యం నాకు లేదు.

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. ఆ తర్వాత కూడా మన్సూరాబాద్‌లో మా గల్లీకంతా ఆమే దవాఖాన. మా మామయ్యకు షుగరు సూది రోజూ ఆమే వేసేది. మా చిన్నది సూది చూసి మంచం కింద దూరితే, ఆమె కూడా కష్టపడి నేలమీద కూర్చుని, మంచం కిందికి తొంగిచూసి, “సూది సన్నగనే ఉంటది బిడ్డా, భయమే లావుగ ఉంటది” అనేది. ఎవరి చెయ్యైనా పట్టుకునే ముందు తన రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేది. “రోగం ఎట్లనూ సల్లగనే ముట్టుకుంటది, మనం గూడ ఎందుకు?” అనేది. కర్మన్‌ఘాట్ గుడి నుంచి నేను వడల ప్రసాదం తెస్తే కళ్లకద్దుకుని తినేది. క్రిస్మస్‌కు ఆమె చేసిన కేకు అడుగు మాడినా మేమూ అట్లాగే తినేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం ఆమె మీద నాకు లోలోపల జాలి ఉండేది. బట్టలు ఉతుకుతూ, బియ్యం ఏరుతూ ఏదో పాట పాడుకునేది. ఎప్పుడూ అదే పాట. గొంతు బాగుండేది గానీ, పాట ఎక్కడో దారి తప్పినట్టు ఉండేది. పైకి లేవాల్సిన చోట లేవదు. అయిపోయిందనుకున్న చోట అయిపోదు. నేను నల్లగొండ పల్లెలో భజనల మధ్య పెరిగినదాన్ని. “పాపం నర్సమ్మకు రాగం కుదరదు” అని మా ఆయనతో చాలాసార్లు అన్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆమె భర్త మేము వాళ్లకు కిరాయికి ఇచ్చిన కొత్తలోనే పోయాడు. బత్తాయి లారీ నడిపేవాడు. నల్లగొండ అవతల తోటల నుంచి గడ్డిఅన్నారం మార్కెట్‌కు లోడు తెచ్చేవాడట. ఒకసారి లారీ బోల్తాపడి కాలు విరిగితే ఆ పక్కనున్న పాత మిషన్ దవాఖానలో చేర్పించారు. అక్కడే కొత్తగా పనిలో చేరిన నర్సు ఈమె. తండ్రి ఆ మిషన్ చర్చిలో పాటలు నేర్పి, పాడించే పెద్ద. బిడ్డ హిందువుల పిల్లాణ్ని చేసుకుంటానంటే ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చర్చి గడప దగ్గర నిలబడి, “పోతున్నవు గదా, మళ్ల గీ గడప తొక్కకు” అన్నాడట. ఆమె తొక్కలేదు. తండ్రి పోయిన సంగతి నెల తర్వాత తెలిసిందట. “మీ ఊరికి ఎందుకు పోవు నర్సమ్మా?” అని నేను అడిగినప్పుడు ఇంతమాత్రం చెప్పి, “పాలు పొంగుతున్నయి చూడు” అని నన్ను కిందికి పంపించింది.

పోయిన చలికాలంలో ఒకరోజు చేతిలో ఒక కరపత్రంతో కిందికి దిగింది. ఆ చర్చి పైకప్పు వానలకు సగం కూలిందట. బాగుచేయడానికి సంగీత సభ పెట్టి చందాలు పోగుచేస్తున్నారు. పట్నం నుంచి పాడేవాళ్లు వస్తున్నారు. ఆమె కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

“ఆదివారం మీ ఆయన కారు ఖాళీగ ఉంటదా బిడ్డా?”

మా ఆయన క్యాబ్ నడుపుతాడు. ఆ ఆదివారం వేరే గిరాకీ ఒప్పుకోలేదు.

ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు ఎక్కిన దగ్గర్నుంచి ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది. చివరి ఆరేడు మైళ్లు మట్టిబాట. చుట్టూ బండరాళ్లు, బత్తాయి తోటలు. ఊరికి దూరంగా, ఒక రాతిగుట్ట పక్కన చర్చి. తెల్లదొరల కాలంలో కట్టిన మందపాటి రాతిగోడలు అట్లాగే ఉన్నాయి. పైన సగం పెంకులు, సగం నీలం టార్పాలిన్ పట్టా. లోపల చోటు చాలక జనం బయట కుర్చీల్లో కూడా కూర్చున్నారు. నర్సమ్మ తలుపుకెదురుగా, వేపచెట్టు కింద కూర్చుంది.

“లోపలికి పోదాం పా” అన్నాను.

“నువ్వు పో. నాకు లోపల గాలాడది.”

నేనూ పక్కనే కూర్చున్నాను. పట్నం వాళ్లు పాడారు. తెల్లచీరల ఆడవాళ్లు పాడారు. భోజనాలకు ముందు ఆ ఊరివాళ్లు లేచి తమ పాత పాట ఎత్తుకున్నారు. ముప్పై మంది, ఒకటే వరుస. రెండో చరణం దగ్గర నా పక్కన నర్సమ్మ గొంతు విప్పింది.

మా మెట్ల మీదుగా ఇరవై రెండేళ్లు నేను విన్న పాటే. దారి తప్పిందనుకున్న ఆ వరుస ఇప్పుడు లోపలి పాట కిందికి వెళ్లి, బరువెత్తేవాడి భుజం కింద ఇంకొకరు భుజం పెట్టినట్టు నిలబడింది. వాళ్లు లేచిన చోట ఈమె దిగింది. వాళ్లు ఆగిన చోట ఈమె ఆగలేదు. అప్పుడు అర్థమైంది. ఆమెకు రాగం తప్పలేదు. రెండు వరుసలు కలిపి పాడే పాటలో ఇన్నేళ్లూ ఒక సగమే పాడుకుంటూ ఉంది. మిగతా సగం ఇక్కడ ఉండిపోయింది.

లోపలివాళ్లు తలలు తిప్పి చూశారు. పాట అయిపోగానే కర్ర పట్టుకుని ఒక ముసలామె గడప దాటి వచ్చింది. ఆ చర్చి ఊడ్చి, గంట కొట్టే మనిషని తర్వాత తెలిసింది.

“ఎవరిది గా రెండో గొంతు?”

ముసలామె నర్సమ్మ దగ్గరికి వచ్చి, ముఖంలో ముఖం పెట్టి చూసింది.

“పాటల పెద్దాయన బిడ్డవు గదా నువ్వు. నీ గొంతు ముసల్ది గాలేదే.”

నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ రోజు మాత్రం తన చేతులు రుద్దుకోవడం మరిచిపోయింది. చెయ్యి విడవకుండానే అడిగింది.

“మా నాయిన నన్ను ఎప్పుడన్న అడిగిండా?”

ముసలామె కర్ర వైపు చూసుకుంది. ఏదైనా ఒక మంచిమాట చెబితే బాగుండని నేను లోలోపల బతిమాలుకుంటున్నాను.

“లేదు బిడ్డా. నీకు అబద్ధం చెప్పను. ఒక్కనాడు అడగలే. నీ పేరెత్తితే లేచిపొయ్యేటోడు.” కర్ర మీద బరువు ఆన్చి, “గానీ గా రెండో గొంతు మళ్ల ఎవ్వరికీ నేర్పలే. నేర్పుమని మేం అడిగితే, అది నాకు యాది లేదనేటోడు” అంది.

నర్సమ్మ తల ఊపింది. ఏడవలేదు.

“లోపలికి రా, ఇప్పుడు ఎవరు వద్దంటరు?” అంది ముసలామె.

“తొక్కకు అన్న మనిషి లేడు గదా, ఆ మాట ఎనక్కి తీసుకుంటానికి. ఉండనియ్యి.”

“ఆయన ఎనకనే ఉన్నడు. అటన్న రా.”

చర్చి వెనుక సమాధులు. నర్సమ్మ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నడిచింది. తండ్రి సమాధి దగ్గర గడ్డి పీకింది. పక్కకు ఒరిగిన రాయిని సరిచేసింది. పేషెంటు పక్క సర్దినట్టే సర్దింది. బోరింగు దగ్గర్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి రాయి కడిగింది. ఆ మట్టంతా బురదై పాదాలకు అంటుకుంది. నేను దూరంగా నిలబడ్డాను. వీపే కనపడుతోంది నాకు. ఒకసారి మాత్రం ఆ వీపు కదిలింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచినప్పుడు ఆమె ఊరి ఆడపిల్లల్ని నలుగురిని వేపచెట్టు కిందికి పిలిచింది. “నేను పాడినట్టు పాడుండ్రి. లోపలోళ్ల వరుస ఇని అటు పోవద్దు, ఎంత బుద్ధిపుట్టినా పోవద్దు” అంది. పిల్లలు తప్పారు, నవ్వారు, మళ్లీ పట్టుకున్నారు. ఆమె తినలేదు. సాయంత్రం సభ ముగింపుకు ఊరివాళ్లు ఆ పాటే మళ్లీ పాడారు. ఈసారి రెండో గొంతు లోపలి నుంచే వచ్చింది. సన్నగా, బెదురుగా వచ్చింది గానీ ఎక్కడా తెగలేదు. బయట నర్సమ్మ నోరు మెదపలేదు. కళ్లు మూసుకుని వింది.

తిరిగి వస్తుంటే నేను ఉండబట్టలేక అన్నాను: “గా ముసలామె ఒక్క మాట కలిపి చెప్తే ఏం పోయేది?”

“కలిపి చెప్తే నేను నమ్మకపోదును బిడ్డా. లేదన్నది గనుకనే రెండో మాట నమ్మిన.”

మా ఆయన నీళ్ల సీసా ఇచ్చి, “కాళ్లు కడుక్కో నర్సమ్మా” అన్నాడు.

“ఉండనియ్యి కొడుకా.”

నర్సమ్మ పోయిన మర్నాడు, బుధవారం, ఆమెను మట్టికిచ్చాం. వచ్చినవాళ్లు పాట పాడారు. ఒకటే వరుస. ఆ రెండో వరుస ఇరవై రెండేళ్లు రోజూ విన్నదాన్ని, పాడబోతే నాకు ఒక్క ముక్క కూడా రాలేదు.

చర్చి నుంచి తిరిగొచ్చిన ఆ ఆదివారం ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. ఆమె చెప్పులు చేతిలోనే పట్టుకుని, గోడ ఆసరాతో ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లింది. తెల్లారి మెట్లు కడగడానికి బకెట్ తీసుకుని వెళ్లాను. కింది మెట్టు నుంచి పై గడప దాకా, ఆరి పొడిపొడిగా రాలిన ఎర్రమట్టిలో ఆమె అడుగులు ఉన్నాయి. చిన్న పాదాలు, కుడిది కొంచెం పక్కకు. బకెట్ కిందనే పెట్టేశాను. రోజూ పొద్దున ఆమెకు ఇచ్చే చాయ్ గ్లాసు పట్టుకుని, ఆ అడుగుల మీద కాలు పడకుండా గోడవారగా పైకి ఎక్కాను.