ఇరవై అయిదు గ్రాముల ఊలు

పదకొండేళ్లుగా నేను మోస్తున్న బరువెంతో నాకు కచ్చితంగా తెలుసు. ఇరవై అయిదు గ్రాములు. ఊలు ఉండకు చుట్టిన కాగితం పట్టీ మీద అచ్చు వేసి ఉంది. ఆ పట్టీ కూడా దాచాను. ఎందుకని అడక్కండి, నాకూ తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పానంటే మళ్లీ వేషాలు మొదలుపెడతాను. నన్ను ఎరిగినవాళ్ల ముందు ఒక్క మాట కూడా తిన్నగా మాట్లాడలేను. ప్రతిదానికీ ఒక చమత్కారం తగిలిస్తాను, వాళ్లు నవ్వుతారు, అసలు సంగతి ఆ నవ్వు కింద పడి నలిగిపోతుంది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, రాత నాకు అలవాటు లేని పని. కానీ ఈ సంగతి నోటితో చెబితే ఇది కూడా హాస్యమే అనుకుంటారు. అందుకే కాగితం.

మేముండేది బచేలిలో, ఇనుప ఖనిజం గని క్వార్టర్లలో. చలికాలంలో కొండ మీంచి దిగిన మంచు పదింటిదాకా కదలదు. ఆ తర్వాత మా బ్లాకు మెట్ల మీద ఎండ పడుతుంది. ఆడవాళ్లమంతా ఊలు బుట్టలు పట్టుకుని దిగుతాం. శ్రీకాకుళం వాళ్లం, ఒడిశా వాళ్లు, రాయ్‌పూర్ వాళ్లు. ఇంట్లో ఎవరి భాష వాళ్లది. మెట్ల మీద మాత్రం సూది మీది కుట్టును అందరం ఫందా అనే అంటాం. "సీదా, ఉల్టా" అని లెక్కపెట్టేటప్పుడు అందరం హిందీవాళ్లమే.

నాకు ఊలంటే పిచ్చి. మంచం కింద ఇనప్పెట్టె నిండా ఊలే. మెంతి పసుపు, వంకాయ రంగు, చిలకాకుపచ్చ, మంచులాంటి బూడిద రంగు. ఒక తెల్లది కూడా ఉంది, ఇక్కడి ఎర్ర దుమ్ముకి అది ఏనాడో టీ రంగుకి తిరిగింది. మూత తీయగానే వేపాకు, కలరా ఉండల వాసన కలిసి వస్తుంది. చేతులు మోచేతిదాకా లోపల పెట్టి అలా కూర్చుంటాను. కొందరు దేవుడి గదిలో కూర్చున్నట్టు.

ఒకేసారి అయిదారు పనులు నడుపుతాను. అన్నీ చిన్నవే. పసిపిల్ల టోపీ ఒకటి, ఫోను సంచి ఒకటి, ఫ్లాస్కుకి తొడుగు ఒకటి. ఎడమ కాలి మేజోడు పూర్తయింది, కుడి కాలిది ఇంకా పుట్టలేదు. దీని మీద నాలుగు వరసలు, దాని మీద రెండు, మళ్లీ ఇంకోటి. "స్వెటరంటే రెండు నెలలు ఒకే రంగుతో కాపురం, నావల్ల కాదమ్మా" అంటాను. అందరూ నవ్వుతారు. నిజం అది కాదు. పదకొండేళ్ల కిందటి దాకా నేనూ పెద్ద స్వెటర్లు అల్లినదాన్నే. ఆ చలికాలం తర్వాత ఏ ఒక్కదాని దగ్గరా చెయ్యి నిలవడం లేదు.

చెబుతాను. ఆగండి. నీళ్లు తాగి వస్తాను.

పక్క క్వార్టరు కమల వదిన భర్తకి ఆ ఏడు స్వెటరు అల్లుతోంది. ఆయన మొదటి షిఫ్టు బస్సులో కొండెక్కేవాడు, పైన చలి కొరికేస్తుంది. జగదల్‌పూర్ వెళ్లి వెతికి వెతికి తెచ్చింది ఊలు. పండిన దానిమ్మ గింజ రంగు. ఎండలో పెడితే లోపల ఏదో వెలుగుతున్నట్టుండేది. ఆ రకంలో దుకాణంలో ఉన్నవన్నీ ఊడ్చి తెచ్చింది. రంగు ముంచిన విడత మారితే చాయ మారిపోతుందని అల్లేవాళ్లందరికీ తెలుసు.

మెట్ల మీద ముత్తమ్మ కూడా ఉండేది. కుంట అనే ఊరి వైపు నుంచి వచ్చిన మనిషి. కమల వదిన ఇంట్లో, పై అంతస్తావిడ ఇంట్లో అంట్లు తోమి, పనయ్యాక కింది మెట్టు మీద కూర్చునేది. కొనుక్కున్న సూదులు కావు ఆమెవి. పాత సైకిలు చువ్వలు రెండు, రాతి మీద మొన తేల్చుకున్నవి. అందరం మిగిలిన పోగులు ఆమెకి ఇచ్చేవాళ్లం. జానెడు, మూరెడు, ఎంతైతే అంత. అది మా మెట్ల ఆచారం. వాటన్నిటినీ ముడివేసి చారల టోపీలు అల్లేది. ఒక్కో టోపీ చూస్తే ఆ ఏడు ఎవరింట్లో ఏ రంగు అల్లారో చెప్పేయొచ్చు.

ఇక నా ఆట. ఉండలు మాయం చేయడం. ఎవరైనా లోపలికి వెళ్లారంటే వాళ్ల ఉండ నా శాలువాలోకి వచ్చేసేది. వాళ్లు వెతుక్కుంటుంటే నేనూ వెతికేదాన్ని, మెట్ల కింద, వాళ్ల కొంగులో, పక్కావిడ జడలో. చివరికి ఇచ్చేసేదాన్ని. ఎప్పుడూ ఇచ్చేసేదాన్ని. ఈ ముక్క మీరు నమ్మాలి. నమ్మకపోయినా మీ ఇష్టం.

ఆ రోజు పొయ్యి మీద పాలున్నాయని వదిన లేచింది. బుట్టలో ఒక్కటే ఉండ మిగిలి ఉంది, రెండో చెయ్యి పూర్తి చేయడానికి ఉంచుకున్నది. తీశాను. వదిన వచ్చి సూది మీదున్నదే అల్లుకుంటూ కూర్చుంది, బుట్టలోకి చూడనేలేదు. ఎండ తగ్గాక రోజూలాగే ముత్తమ్మ బుట్టని లోపల పెట్టింది. ఉండ నాతో ఇంటికొచ్చింది. రేపు ఇద్దాంలే అనుకున్నాను.

సాయంత్రం పెట్టె తెరిచి నా రంగుల మధ్య పెట్టి చూశాను. వాటి మధ్యన అది ఉన్నాక మిగతావన్నీ వెలిసిపోయినట్టు కనిపించాయి. కుట్టు ఎలా పడుతుందో చూద్దామని ముప్పై ఫందాలు వేశాను. చూద్దామని. దీపాలు పెట్టే వేళకి పసివాడి చేతి తొడుగు ఒకటి నాలుగు వేళ్ల పొడవు తేలింది.

ఊలు ఒకసారి అల్లి విప్పితే వంకర్లు తిరిగిపోతుంది, సేమియాలాగా. ఇక ఎవరికిచ్చినా తెలిసిపోతుంది. ఇది నాకు ముందు తెలియదా? తెలుసు. తెలిసే వేశాను.

మర్నాడు వదిన బుట్ట వెతికి అందరికంటే ముందు నా వైపే చూసింది. "ఏయ్, నువ్వే కదూ? ఇచ్చెయ్, చేతులు ఖాళీగా ఉన్నాయి."

"నా దగ్గరుంటే ఈపాటికి తొడుగై చేతికి ఎక్కేది కాదూ వదినా!" అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు. నిజాన్నే చెప్పాను చూడండి. నవ్వించేలా చెబితే నిజం కూడా అబద్ధంలా పనిచేస్తుందని ఆ రోజే తెలుసుకున్నాను.

అంతటితో ఆగిపోయినా ఇంత బరువు ఉండేది కాదేమో. నాలుగు రోజుల తర్వాత ముత్తమ్మ కొత్త టోపీ అల్లుతూ కూర్చుంది. పసుపు చార, ఆకుపచ్చ చార, వాటి మధ్య దానిమ్మ చార. పై అంతస్తావిడ మోచేత్తో వదినని పొడిచింది.

"ఈ రంగు నీకెక్కడిదే?" అంది వదిన.

ముత్తమ్మ తల ఎత్తింది. "మీరు ఇచ్చిందే గదమ్మా. ఏంది గట్ల అడుగుతున్నరు?"

"నేనెప్పుడిచ్చాను? నాకే చాలక చస్తుంటే!"

"మెడపట్టీ తప్పు పోయిందని విప్పి, తెగిన పోగు ఇచ్చిన్రు గద. పోయిన బేస్తారం." అని నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వుంటివి గదా పక్కనే. నువ్వు చెప్పు."

ఉన్నాను. చూశాను. వదిన ఫోనులో మాట్లాడుతూ, అటు తిరిగే ఉండి, ఆ పోగుని ముత్తమ్మ ఒళ్లోకి విసిరింది. తనకి గుర్తుండకపోవడంలో తప్పు లేదు. నాకు మాత్రం రెండూ తెలుసు. ఆ పోగు ఎలా వచ్చిందో తెలుసు, ఆ ఉండ ఎక్కడుందో తెలుసు. లోకంలో ఆ రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

"నన్నడుగుతావేంటి ముత్తమ్మా, నిన్న తిన్న కూరేమిటో కూడా నాకు గుర్తుండి చావదు" అన్నాను.

నవ్వారు. ముత్తమ్మ నవ్వలేదు. నన్ను కాసేపు చూసింది. తర్వాత టోపీని అక్కడే విప్పింది. వరస వరసా, తొందర లేకుండా. దానిమ్మ పోగుని వేలికి చుట్టి, ముడి వేసి, వదిన మెట్టు మీద పెట్టింది. చువ్వలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమెను ఎవరూ పొమ్మనలేదు, దొంగ అని ఎవరూ అనలేదు. కానీ మర్నాటి నుంచి ఆమె గిన్నెలు తోముతుంటే వదిన వంటింటి గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా ముత్తమ్మ రెండిళ్లూ మానేసింది. వేరే బ్లాకుల్లో పని అడిగితే వాళ్లు మా మెట్ల దగ్గర వాకబు చేశారు. "పని బాగా చేస్తుంది, కాస్త చేతివాటం అంట" అంది పై అంతస్తావిడ. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఫందాలు లెక్కపెడుతూ. లెక్క తప్పలేదు కూడా.

వదిన స్వెటరు ముంజేతి పట్టీ వేరే విడత ఊలుతో పూర్తి చేసింది. ఆ చాయ కాస్త నలుపు. ఆయన ఉద్యోగ విరమణ చేసి ఊరెళ్లేదాకా ప్రతి చలికాలం ఆ చెయ్యి మా గుమ్మం ముందు నుంచే బస్సుకి వెళ్లింది.

ఎందుకు చెప్పలేదు? భయమని చాలా ఏళ్లు అనుకున్నాను. ఉండ తీసినందుకైతే నాలుగు తిట్లు తిని నవ్వేసేదాన్ని, అందులో భయమేముంది? ఇంకోటి ఉంది. ఉండ పోవడానికి రెండు రోజుల ముందు వదిన నాతో అంది, "పెట్టెడు ఊలుండి ఏం చేశావు నువ్వు? ముత్తమ్మ చూడు, మనం పారేసిన పోగులతో ఎంత అందంగా అల్లిందో." అందరూ ఆ టోపీని చేతులు మార్చుకుంటూ చూశారు. నేను ఏదో చమత్కారం విసిరాను. ఎవరూ వినలేదు. ముత్తమ్మ టోపీ విప్పుతున్నప్పుడు నాలో ఎక్కడో ఒక మూల హాయిగా ఉండిందా? ఉండిందని రాయడానికి ఈ వాక్యం మూడుసార్లు కొట్టేశాను. ఉండింది.

ఆ తొడుగు ఇప్పటికీ పూర్తి కాలేదు. ప్రతి చలికాలం బయటికి తీస్తాను, బొటనవేలి దగ్గరికి రాగానే విప్పేస్తాను. ఆవిరి పట్టాను, తడిపి బరువు కట్టి వేలాడదీశాను. వంకర్లు పోవు. విప్పగానే చేతులు ఊరుకోవు, టోపీ పట్టుకుంటాను, అది వదిలి మేజోడు, అది వదిలి ఇంకోటి.

పోయిన వారం గీదంలో బస్సు కోసం నిలబడ్డాను. బల్ల మీద ఒకామె అల్లుకుంటూ కూర్చుంది. చువ్వల్ని చూసి గుర్తుపట్టాను, మొహాన్ని తర్వాత.

"మంచిగున్నవా అక్కా?" అంది ముందు తనే. "ఇంకా నవ్విస్తనే ఉన్నవా?"

పక్కన కూర్చున్నాను. చేతిలో టోపీ బూడిద రంగుది. మొత్తం బూడిదే. "నీ చారలేవి ముత్తమ్మా?" అన్నాను. ఎందుకడిగానో.

"మానేసిన. ఒక్క రంగే మంచిగుంటది. నేనే కొనుక్కుంట. ఎవరన్నా ఎక్కడిదని అడిగితే ఒక్క దుకాణం పేరు చెప్తే అయిపోతది."

చెప్పాలి. ఇప్పుడే. నోరు తెరిచాను. నాలిక మీదికి వచ్చిందేమిటో తెలుసా? ఒక హాస్యం. బూడిద రంగు మీద. దాన్ని మింగాను. దాని వెనక ఇంకేమీ రాలేదు.

అంతలో ఆమె బస్సు వచ్చింది. లేచి, వంగి, నా సంచి పక్క నుంచి ఏదో ఎత్తింది. బస్సులో అల్లుకుందామని తెచ్చుకున్న చేతి తొడుగు తాలూకు పోగు బయటికి జారి నేలను రాసుకుంటోంది. వంకర్లు తిరిగిన దానిమ్మ రంగు పోగు. ముత్తమ్మ దాన్ని రెండు వేళ్ల మధ్య ఒక్క క్షణం పట్టుకుంది. దుమ్ము దులిపి, మడిచి, నా సంచిలోకి తోసింది.

"కిందబడుతున్నదక్కా. లోపలికి పెట్టుకో."

బస్సెక్కింది. కిటికీ దగ్గర కూర్చుని మళ్లీ అల్లుకోసాగింది. నా వైపు చూడలేదు. గుర్తుపట్టిందా? పదకొండేళ్ల కిందటి రంగు ఎవరికి గుర్తుంటుంది? కానీ తన చేతుల్తో విప్పిన రంగును అల్లే మనిషి మరిచిపోతుందా? ఈ ప్రశ్నను వారం రోజులుగా అటూ ఇటూ తిప్పుతున్నాను. గుర్తుపట్టకపోతే నేను ఇంకా చెప్పాల్సి ఉంది. గుర్తుపడితే, ఆమె నాకిచ్చిన జవాబు అదే. లోపలికి పెట్టుకో.

పెట్టుకోలేకపోతున్నాను. కమల వదిన ఫోను నంబరు నా దగ్గరుంది. ముత్తమ్మ ఎక్కిన బస్సు ఏ దారిన పోతుందో తెలుసు. ఆ రెండు పనులూ చేస్తానని మీకు మాటివ్వను, నా మాటకున్న విలువ మీరు చూశారు కదా.

ఆ ఉండ తీసింది నేను. కమల వదిన ముత్తమ్మకి పోగు ఇవ్వడం నేను కళ్లారా చూశాను.

పైన రాసిన రెండు వాక్యాలూ మళ్లీ చదివాను. వాటిలో నవ్వడానికేమీ లేదు. బయట మెట్ల మీద ఎండ పడింది, నన్ను పిలుస్తున్నారు, ఇవాళ ఏం మాయం చేస్తావని కేకలేస్తున్నారు. అయిదు అల్లికలూ బుట్టలోనే ఉన్నాయి. గంట నుంచి ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.